ఏఐ అసిస్టెంట్‌కి గిట్ లాగ్ ఎలా ఇవ్వాలి: చాన్నాళ్లు వాడాక నా రివ్యూ

కోడ్ ఇలా ఎందుకుందో తెలియకుండా ఏఐ అసిస్టెంట్ చెయ్యి పెడితే పని చేసేది కూడా చెడుతుంది, అందుకే దానికి హిస్టరీ చదివించాలి అంటాను నేను. కానీ గిట్ లాగ్ (కోడ్‌లో జరిగిన మార్పుల జాబితా చూపే కమాండ్) ప్రతి కమిట్‌కి, అంటే సేవ్ చేసిన ప్రతి మార్పుకి, మామూలుగా ఇచ్చేది 40 అక్షరాల హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్), ఆథర్, ఈమెయిలు, టైమ్‌జోన్‌తో సహా డేటు, ఇవన్నీ అయ్యాక గానీ అసలు మెసేజ్ రాదు, టోకెన్లు (ఏఐ చదివే టెక్స్ట్ ముక్కలు) దండగ. గ్రాఫ్ ఆప్షన్ గీసే బ్రాంచ్‌ల గీతలు మన కళ్లకే బాగుంటాయి.

నేను వాడే ఆలియాస్‌లో (పొడుగు కమాండ్‌కి పెట్టుకున్న షార్ట్‌కట్ పేరు) చిన్న హ్యాష్, చిన్న డేటు, సబ్జెక్ట్ (మెసేజ్ మొదటి లైను) ఒక లైన్లో వస్తాయి, కింద నేమ్-స్టేటస్ ఆప్షన్‌తో మారిన ఫైళ్లు, అంతే. స్టాట్ ఆప్షన్ (ఏ ఫైల్లో ఎన్ని లైన్లు మారాయో చూపేది) ఎందుకు పెట్టలేదంటే ఫైల్ పాత్ పొడుగైతే అది ముందు భాగం కోసేసి చుక్కలు పెడుతుంది, అసిస్టెంటేమో ఆ సగం పాత్ పట్టుకుని లేని ఫైల్ కోసం తిరుగుతూ ఉంటుంది.

తెలుగు ఫైల్ పేర్లున్న వాళ్లు కోర్ కోట్‌పాత్ (core.quotePath) అనే గిట్ సెట్టింగ్‌ని తప్పకుండా ఫాల్స్ చెయ్యండి. లేకపోతే ఒక్క "త" అక్షరం \340\260\244 అని వస్తుంది, అంటే 12 క్యారెక్టర్లు! పేరు మొత్తం అలాగే వస్తే ఏ ఫైలో మనకే తెలీదు. కలర్ సెట్టింగ్ ఆల్వేస్‌లో ఉంటే అదీ ఆటోకి మార్చండి, లేదంటే రంగుల కోడ్లన్నీ టెక్స్ట్‌లో కలిసిపోతాయి.

ఇక దీనిలో లోటు. సబ్జెక్ట్ ఒక్కటే చూపిస్తే కారణం పోతుంది. "పేమెంట్ కాల్‌కి రీట్రై తీసేశాం" అని పైన ఉంటుంది, కింద బాడీలో "టైమౌట్ అయినా డబ్బు కట్ అవుతోంది, మళ్లీ పంపితే రెండుసార్లు పోతోంది" అని ఉంటుంది. ఆ రెండో ముక్క చదవని అసిస్టెంట్ ఏం చేస్తుంది, రీట్రై లేదే అని మంచిగా మళ్లీ పెట్టేస్తుంది. అందుకని అసిస్టెంట్ చదివే ఇన్‌స్ట్రక్షన్ ఫైల్లో రాసి పెట్టా, ముందు ఈ లిస్ట్ చూడు, ముట్టుకోబోయే ఫైల్ తాలూకు కమిట్లు మాత్రం గిట్ షో (ఒక కమిట్‌ని పూర్తిగా చూపే కమాండ్) తో పూర్తిగా చదువు, లాక్ ఫైళ్ల (లైబ్రరీ వెర్షన్లు ఆటోమేటిక్‌గా రాసుకునే ఫైళ్లు) డిఫ్, అంటే మారిన లైన్లు, వదిలెయ్ అని. ఒక లైన్ ఎప్పుడొచ్చిందో పోయిందో కావాలంటే గిట్ లాగ్‌లో క్యాపిటల్ ఎస్ (-S) ఆప్షన్, అది నిజంగా బంగారం.

కమిట్ మెసేజ్‌లన్నీ "ఫిక్స్", "ఫైనల్ ఫిక్స్" అని నింపిన రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోట) మాత్రం ఇది పనికిరాదు, అక్కడ నేను పుల్ రిక్వెస్ట్ (మార్పులను కోడ్‌లో కలపమని పెట్టే రిక్వెస్ట్) డిస్క్రిప్షన్లే తీసి ఇస్తున్నా.