బొక్క పిడి కత్తి: పద్నాలుగు నెలలు వాడినంక

కత్తి ఇంటికొచ్చింది శనివారం. అత్తమ్మ ఒక్కపొద్దు. "పిడి దేనిదే?" అని అడిగింది. బర్రె బొక్క (ఎముక) అని చెప్పిన. "బొక్కనా! నా వంటింట్లకు తేకు. కత్తిపీట దిక్కు అసలే తేకు" అన్నది. తెల్లారి ఆదివారం మూలుగ బొక్క తనకే వెయ్యమనే మనిషి ఆమె. ఆ మాట నేను అనలే, అంటే బతకలేను. అప్పటిసంది అది నా ఫీల్డ్ బ్యాగు బయటి జేబులనే ఉంటున్నది.

నేను హన్మకొండల బాటనీ చెప్త. ఏడాదికి మూడు నాలుగు సార్లు పిల్లలను పాకాల దిక్కో, ఏటూరునాగారం దిక్కో అడవికి తోల్కపోవాలె. పూలతోని కొమ్మ కొయ్యాలె, బెరడు చెక్కాలె, చిన్న మొక్కైతే వేరుతోసహా తవ్వి తియ్యాలె. ఇన్నేండ్లు పండ్లు కోసే స్టీలు కత్తులతోనే గడిపిన. వెదురు కనుపు మీద పెడితే అవి వంగిపోతయి.

దీనికంటె ముందు ఆన్‌లైన్ల ఒకటి కొని మోసపోయిన. ఒంటె బొక్క పిడి, అలలు అల్లినట్టు గీతలు, "డమాస్కస్" (ఆ అలల గీతలకే పేరుబడ్డ ఉక్కు) అని పేరు. రెండు మద్ది కొమ్మలకే పదును పోయింది. అనుమానమొచ్చి ఒక పక్క సాండ్ పేపర్‌తో రుద్దితే గీతలు పోయినయి. రుద్దితే ఏ గీతలైనా పోతయి, అసలుదైతే మళ్ల ఆసిడ్ పెట్టంగనే తేలుతయి. ల్యాబుల ఫెర్రిక్ క్లోరైడ్ పెట్టి చూసిన. ఏం తేలలే, బూడిద రంగు మచ్చ తప్ప. డమాస్కస్ కత్తులని లోకం పేరు పెట్టుకున్నదాంట్ల మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఉన్నది, ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కపోయిండ్రు. నేనేమో ఆసిడ్ గీతలకు పద్దెనిమిది వందలు పెట్టిన.

ఈ కత్తి చేసింది పరకాల రోడ్డు మీద కొలిమి ఉన్న ఒక కమ్మరి ఇంటి పిల్లగాడు. తండ్రి కొడవండ్లు, గొడ్డండ్లు, గీత కత్తులు చేస్తడు. కొడుకు ఐటీఐ ఫిట్టర్ చదివి, తండ్రి కొలిమి పక్కన్నే బెల్ట్ గ్రైండర్ పెట్టుకున్నడు. "ఏం ఉక్కు తమ్మీ?" అంటె, "లారీ కమాన్ పట్టీ మేడం. కోనసముద్రం ఉక్కని చెప్పనా, కొంచెం ఎక్కువ తీస్కుంట" అని నవ్విండు. ఆ నవ్వుకే అడ్వాన్సు ఇచ్చిన. మొత్తం 2,600, ఒరతోసహా.

ఒక ఆదివారం పొద్దున పోయి కూసున్న. కాలుతున్న పట్టీని స్పీకర్‌ల నుంచి తీసిన అయస్కాంతానికి తగిలిస్తడు. అంటుకుంటే ఇంకా వేడి సాలలేదని మళ్ల కొలిమిల పెడతడు. అంటుకోవుడు బందైనంక ఇంకొంచెం ఎర్రగ కాల్చి వాడేసిన ఇంజనాయిల్‌ల ముంచిండు. బుస్సుమని పొగ. అప్పుడు దానిమీద ఆకురాయి పెడితే జారిపోతున్నది, గీత పడ్తలేదు, అంత గట్టిపడ్డది. ఈ దశల కింద పడితే గాజు లెక్క పగులుతదట. అందుకే పాత ఓవెన్‌ల 200 డిగ్రీల మీద రెండు గంటలు పెడతడు, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా. తండ్రి మాత్రం ఓవెన్ దిక్కు చూసి "మేము రంగు కంటితోనే చూసెటోళ్ళం" అని గునుస్తున్నడు.

వాదర నాలుగున్నర అంగుళాలు, వెన్ను నాలుగు మిల్లీమీటర్లు, మొత్తం బరువు మా వంటింటి కాటా మీద 212 గ్రాములు. (ఆ కాటా మీద పెట్టిన ముచ్చట అత్తమ్మకు తెల్వదు.)

పిడి సంగతి వేరే చెప్పాలె. బర్రె కాలి బొక్కల నడిమి భాగమే పనికొస్తది. లోపల బోలు, అందుకే గోడ ఎంత మందం ఉంటె అంత మందం పలకే దొరుకుతది. సర్ఫ్ నీళ్ళల్ల సన్నటి సెగ మీద ఉడికించి కొవ్వు తీస్తడు. గలగల మసిలిస్తే బొక్క పెళుసవుతదట. తర్వాత చాయ్ డికాక్షన్‌ల రెండు రోజులు నానేసిండు, పాత హార్మోనియం మెట్ల రంగు వచ్చింది. రెండు దిక్కుల రెండు పలకలు, మధ్యల ఉక్కు, అరాల్డైట్ బంక, మూడు ఇత్తడి సీలలు. రంధ్రం వేస్తుంటే ఎంటికలు కాలిన వాసన వచ్చింది. లెన్స్ పెట్టి చూస్తే సన్నటి నల్ల చుక్కలు, బొక్కల నెత్తురు నాళాలు పోయిన తొవ్వలవి. నా పిల్లలకు జువాలజీ మేడం చెప్పాల్సిన పాఠం నేను పిడి మీద చెప్పిన.

చేతిల పట్టు బాగుంటది. చెమట పట్టినా జారదు. సలికాలం పొద్దున పట్టుకుంటే మాత్రం సల్లగ ఉంటది, కట్టె పిడి లెక్క కాదు.

పదును గురించి ఫిర్యాదు లేదు. ఒక పొద్దంత తునికి, ఇప్ప, మోదుగ కొమ్మలు కోసినంక సుత సానరాయి మీద నాలుగు గుంజులు గుంజితే సాలు. ఒక్కసారి పచ్చి కరక్కాయలు కోసి తుడువకుండ మర్సిపోయిన. పొద్దుగాల చూస్తే కత్తి ముఖం నీలం నలుపు. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపే అది, కలంకారీ బట్టల మీద నల్లరంగు వచ్చేది గట్లనే. రుద్ది తీసేద్దామనుకొని ఆగిన. ఇప్పుడు అదే బాగున్నది.

మరి నెత్తినొప్పి ఏంది అంటె, మే నెల. స్కూటీ డిక్కీల మూడు రోజులు మర్సిపోయిన. మన ఓరుగల్లు ఎండ సంగతి తెలిసిందే, డిక్కీ లోపల ఇంకెట్లుంటదో. మూడో రోజు తీస్తే నడిమి సీల దగ్గర ఎంటికంత పగులు. పిల్లగాని దగ్గరికి పట్కపోతే తిట్టలే, బొక్క పొడి పగులుల నింపి ఫెవిక్విక్ చుక్క వేసి రుద్దిండు. పైసలు తీస్కోలే. ఇప్పుడు వేలు పెడితే తెలుస్తలేదు, చూస్తే మాత్రం కనపడ్తది. నెలకోసారి అవిసె నూనె చుక్క పిడికి రాస్తున్న.

ఒర మాత్రం ఫెయిల్. బయట చెప్పులు కుట్టే ఆయనతోని కుట్టించిండట. కుట్టుకు, వాదరకు మధ్యల ఇంకో తోలు పట్టీ పెట్టాలె, పెట్టలే. నెలకే మొన తాకి దారం తెగింది. పైగా వానకాలం ఒరల పెట్టి ఉంచితే తోలు తేమ గుంజుకొని వాదర మీద తుప్పు చుక్కలు, ఇత్తడి మీద పచ్చ సిలుము. ఒర మోసుకపోయేందుకే, ఇంట్ల ఉన్నప్పుడు కత్తిని నూనె గుడ్డల సుట్టిపెట్టుండ్రి.

ఇంకొకటి. తాడ్వాయి దిక్కు ఒక గార్డు పిడి చూసి, "దుప్పి కొమ్మా మేడం?" అన్నడు. తమాషాకు అడగలే. 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పి కొమ్ము రాలిపోయింది ఏరుకున్నా నేరమే. కొమ్మైతే పైన గరుకు, నడిమిట్ల స్పాంజి ఉంటది, ఇది నున్నగ, చుక్కలతోని ఉన్నదని లెన్స్ ఇచ్చి చూపెట్టిన. అభయారణ్యంల ఆయుధం పట్కపోవాలన్నా, మొక్క కొయ్యాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలె, మా కాగితంల రెండూ రాయించుకున్నం. ఎవలన్న "జింక కొమ్ము పిడి" అని అమ్మజూస్తే కొనకుండ్రి. పొడుగు 9 అంగుళాలు గాని, వెడల్పు 2 అంగుళాలు గాని దాటిన వాదర సుత అడగకుండ్రి. ఇల్లు, ఎవుసం పనులకు కాకపోతే అది ఆయుధాల చట్టం కిందికి వస్తది.

పది రోజులన్నడు, ఐదు వారాలకు ఇచ్చిండు. ఫోన్ చేసినప్పుడల్లా "పాలిష్ నడుస్తున్నది మేడం" అనేటోడు. పాలిష్ కాదు, నాట్లు అయిపోయి కొడవండ్ల గిరాకి నడుస్తున్నది.

అయినా మా తమ్ముని కోసం ఇంకోటి చెప్పిన. ఈసారి ఒరల పట్టీ పెట్టమని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చిన. సంక్రాంతికి ఇస్త అన్నడు. శివరాత్రికి పోయి తెచ్చుకుంట.