టీవీలో ఎన్‌బీఏ: చాలా సీజన్లు చూశాక ఒక సమీక్ష

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ఆటలో పస తగ్గలేదు. ఆ ఆట టీవీలో ఎక్కడ వస్తుందో వెతుక్కోవడం కష్టమైంది, వెతికి పట్టుకున్న ఒక్కో మ్యాచ్‌కి విలువ తగ్గింది. ప్రేక్షకులు తగ్గడానికి అసలు కారణాలు ఈ రెండే. అందరూ తిట్టిపోసే త్రీ పాయింటర్లు (దూరపు గీత వెనక నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వీటి తరువాతే వస్తాయి. కేబుల్, యాంటెన్నా, లీగ్ పాస్ (లీగ్ నేరుగా అమ్మే మ్యాచ్‌ల చందా), స్ట్రీమింగ్ అన్నీ వాడి చూసిన మీదట ఏర్పడిన అభిప్రాయం ఇది.

లెక్కలు ఓసారి చూద్దాం. 1998 జూన్ 14న షికాగో బుల్స్, యూటా జాజ్ ఆడిన ఫైనల్స్‌లో (ఏడు మ్యాచ్‌లదాకా సాగే పోటీ) ఆరో మ్యాచ్‌ని అమెరికాలో సగటున 3.59 కోట్ల మంది చూశారు. 2017లో వారియర్స్, కావలియర్స్ ఫైనల్స్ సగటు రెండు కోట్లు దాటింది. 2025లో థండర్, పేసర్స్ ఏడు మ్యాచ్‌లదాకా పోరాడినా సగటు 1.03 కోట్ల దగ్గర ఆగింది. 2024-25 రెగ్యులర్ సీజన్‌లో (చివరి దశకు ముందు ఒక్కో జట్టు ఆడే 82 మ్యాచ్‌లు) జాతీయ చానళ్లలో ఒక మ్యాచ్‌కి సగటున 15.3 లక్షల మంది. 2020 ఫైనల్స్‌ 75 లక్షల అంకెను చూపించి లీగ్ పని అయిపోయిందనేవాళ్లున్నారు, అది న్యాయం కాదు. కోవిడ్ వల్ల ఆ ఫైనల్స్ ఒర్లాండోలో, ప్రేక్షకులు లేని హాల్లో, జూన్‌లో జరగాల్సింది పోయి అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మధ్యలో జరిగాయి.

జనానికి బాస్కెట్‌బాలే మొహం మొత్తిందా అంటే, లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా, ఫ్రాన్స్ పురుషుల ఫైనల్‌ని ప్రధానంగా ఎన్‌బీసీలో 1.95 కోట్ల మంది చూశారు. అదే ఏడాది కైట్లిన్ క్లార్క్ ఆడిన మహిళల కాలేజీ ఫైనల్‌కి ప్రధానంగా ఏబీసీలో 1.89 కోట్ల మంది కూర్చున్నారు. రెండూ యాంటెన్నాకి ఉచితంగా అందే చానళ్లలో వచ్చినవే, రెండూ ఒక్క ఆటతో ఫలితం తేలిపోయేవే. ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌కి ఈ రెండు లక్షణాలూ లేవు.

చానల్ సంగతి ముందు. 2002 నుంచి 2025 దాకా రెగ్యులర్ సీజన్ జాతీయ మ్యాచ్‌లు ఎక్కువగా ఈఎస్‌పీఎన్, టీఎన్‌టీ అనే కేబుల్ చానళ్లలోనే వచ్చాయి. 2011 ప్రాంతంలో ఈఎస్‌పీఎన్ దాదాపు 10 కోట్ల ఇళ్లకు చేరేది. ఇప్పుడది 7 కోట్ల లోపుకి వచ్చింది. ఇళ్లే అంత తగ్గిపోతే కార్యక్రమం ఎంత బాగున్నా చూసేవాళ్లు తగ్గక తప్పదు.

సొంత ఊరి జట్టు మ్యాచ్‌ల గతి ఇంకా అన్యాయం. అవి ప్రాంతీయ స్పోర్ట్స్ చానళ్లలో వచ్చేవి. వాటిలో చాలా వాటిని నడిపిన డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. పోనీ లీగ్ పాస్ కొందామంటే అమెరికాలో బ్లాకవుట్ నిబంధన అడ్డం: మీరున్న ప్రాంతపు జట్టు మ్యాచ్‌లు లైవ్‌లో రావు, జాతీయ చానల్లో వేసేవీ రావు. అంటే డాలస్‌లో ఉండి మావెరిక్స్ కోసం లీగ్ పాస్ కొంటే మావెరిక్స్ తప్ప మిగతా అందరూ కనిపిస్తారు. కొనేముందు జిప్‌కోడ్ కొట్టి మీకు ఏ జట్లు బ్లాకవుటో తప్పకుండా చూసుకోండి. కొన్ని ఊళ్లకి ఒకటికి మించి ఉంటాయి.

2025-26 నుంచి 11 ఏళ్ల కొత్త ఒప్పందం మొదలైంది. సుమారు 7,600 కోట్ల డాలర్లు. డిస్నీ (ఈఎస్‌పీఎన్, ఏబీసీల యజమాని), ఎన్‌బీసీ, అమెజాన్ పంచుకున్నాయి, టీఎన్‌టీ బయటికి పోయింది. చూసేవాడికి దీని అర్థం ఏమిటంటే: సోమవారం పీకాక్ (ఎన్‌బీసీ వాళ్ల స్ట్రీమింగ్), మంగళవారం ఎన్‌బీసీ, బుధవారం ఈఎస్‌పీఎన్, శుక్రవారం ఎక్కువగా ప్రైమ్ వీడియో, జనవరి నుంచి గురువారమూ ప్రైమే, సీజన్ రెండో సగంలో శనివారం రాత్రి ఏబీసీ, ఫుట్‌బాల్ అయిపోయాక ఆదివారం రాత్రి ఎన్‌బీసీ. కేబుల్ లేకుండా ఇవన్నీ కావాలంటే 2025-26 సీజన్ మొదట్లో ఉన్న ధరల ప్రకారం పీకాక్ 10.99, ఈఎస్‌పీఎన్ స్ట్రీమింగ్ ప్లాన్ అయిన ఈఎస్‌పీఎన్ అన్‌లిమిటెడ్ 29.99, ప్రైమ్ 14.99, కలిపి నెలకు దాదాపు 56 డాలర్లు. ఇందులో మీ ఊరి జట్టు స్థానిక ప్రసారాలు ఇంకా లేవు. బాగా పిచ్చి ఉన్నవాడు ఈ పట్టికను గుర్తుపెట్టుకుంటాడు. అన్నం తిని రిమోట్ తీసి ఏదో ఒకటి చూద్దామనుకునే మనిషి మాత్రం గుర్తుపెట్టుకోడు, లక్షల్లో తగ్గింది వాళ్లే.

యాంటెన్నా దగ్గర మాత్రం మంచి మార్పు వచ్చింది. ఫీనిక్స్ సన్స్, యూటా జాజ్ 2023లో, మావెరిక్స్ 2024లో స్థానిక మ్యాచ్‌లను ఉచిత చానళ్లకు మార్చాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల కోసం ఇది కాస్త వివరంగా చెప్పాలి. మావెరిక్స్ స్థానిక మ్యాచ్‌లు కేఎఫ్‌ఏఏ అనే 29వ చానల్లో వస్తాయి, ఏబీసీ ఇక్కడ డబ్ల్యూఎఫ్‌ఏఏ 8. టవర్లన్నీ ఊరికి నైరుతిన సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో నుంచి అది చాలా దూరం, కాబట్టి యాంటెన్నాని దక్షిణం వైపు కిటికీలో, వీలైతే మేడ మీద పెట్టండి. పల్చటి అట్టలాంటి యాంటెన్నాలు యూహెచ్ఎఫ్ (పొట్టి తరంగాలు) బాగానే పట్టుకుంటాయి కానీ డబ్ల్యూఎఫ్‌ఏఏ ఇప్పటికీ పొడుగు తరంగాలైన వీహెచ్ఎఫ్‌లోనే ప్రసారం చేస్తుంది. అందుకే 29 శుభ్రంగా వచ్చే ఇంట్లో కూడా ఫైనల్స్ వచ్చే 8 ముక్కలు ముక్కలైపోతుంది. రెండు పొడుగు రాడ్లు ఉన్నది కొని, చానల్ స్కాన్ మళ్లీ చేయండి. ఇంకో లాభం, స్ట్రీమింగ్ అర నిమిషమో అంతకంటే ఎక్కువో వెనక ఉంటుంది, యాంటెన్నా ప్రసారం అంత వెనకబడదు. బంతి గాల్లో ఉండగానే ఫోన్‌కి స్కోరు మెసేజ్ వచ్చి పడే బాధ తప్పుతుంది. స్ట్రీమింగే గతి అయితే ఎన్‌బీఏ యాప్ సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే స్విచ్ ఉంది, నోటిఫికేషన్లతో పాటు దాన్ని కూడా సరిచేసుకోండి.

ఇక మ్యాచ్ లోపలికి వస్తే, నాకు అసలైన లోపంగా కనిపించేది చివరి రెండు నిమిషాలు. ఒక జట్టు ఆరు పాయింట్లు వెనకబడి ఉంది, గడియారంలో నిమిషంన్నర ఉంది అనుకోండి. వెనకబడ్డవాళ్లు గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేస్తారు. అవతలివాడు రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వేస్తాడు. వెంటనే కోచ్ టైమవుట్ తీసుకుంటాడు, ఎందుకంటే టైమవుట్ తీసుకుంటే బంతిని కోర్టు సగం దాటించి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నిబంధన ప్రకారం అది 75 సెకన్లు, ప్రకటనలతో ఇంకాస్త సాగుతుంది. తరువాత బంతి ఎవరి చేతిని తాకి బయటికి పోయిందనే సందేహం, కోచ్ చాలెంజ్ (రిఫరీ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం), న్యూజెర్సీలోని సెకాకస్ రీప్లే కేంద్రానికి ఫోన్. ఆ చాలెంజ్ నెగ్గితే ఇంకో చాలెంజ్. మళ్లీ ఫౌల్, మళ్లీ ఫ్రీ త్రోలు. ఉత్కంఠ పెరగాల్సిన చోట ఆట అడుగడుగునా ఆగుతుంది. 2017లో మొత్తం టైమవుట్లను 18 నుంచి 14కి తగ్గించి, చివరి మూడు నిమిషాల్లో జట్టుకి రెండే అన్నారు. అది మేలు చేసింది. ఆ తరువాత 2019లో తెచ్చిన చాలెంజ్ ఆ మేలును కొంత తినేసింది.

త్రీ పాయింటర్ల మీద ఫిర్యాదు అబద్ధం కాదు. లీగ్ సగటు 36 శాతం అనుకుంటే ఒక్కో త్రీ 1.08 పాయింట్ల విలువ. మధ్య దూరం నుంచి 41 శాతం పడినా 0.82 మాత్రమే. ఈ లెక్క తెలిశాక ఏ కోచ్ అయినా ఒకటే చేస్తాడు: రింగ్ దగ్గరికి పో, లేదా గీత వెనక్కి పో. 2014-15లో జట్టు మ్యాచ్‌కి 22.4 త్రీలు వేసేది, 2024-25కి 37.6 అయ్యాయి. 2024 అక్టోబర్ 22న సీజన్ తొలి రాత్రి సెల్టిక్స్ న్యూయార్క్ మీద 61 త్రీలు వేసి 29 పడేశారు, రికార్డు సమం. దాన్ని దాటడం కోసం వరసగా వేసిన 13 తప్పాయి. గెలుపు ఎప్పుడో ఖాయమైపోయిన మ్యాచ్‌లో అవి చూడటం ఏమాత్రం బాగోలేదు. అదే డిసెంబర్లో బుల్స్, హార్నెట్స్ కలిసి ఒకే మ్యాచ్‌లో 75 త్రీలు తప్పారు. పోస్ట్‌లో (రింగ్‌కి దగ్గర్లో) వీపు ఆనించి ఆడే మనిషి, మధ్య దూరంలో ఆగి వేసే మనిషి, గీత వెనక నిలబడే మనిషి అనే తేడాలు కరిగిపోయి చాలా జట్లు ఒకేలా కనిపిస్తున్నాయి. ఇది నిజమైన నష్టమే. అయినా మొదటి కారణం ఇదని ఒప్పుకోను. త్రీలకు పెట్టింది పేరైన వారియర్స్ ఆడిన 2017 ఫైనల్స్‌నే కదా రెండు కోట్ల మంది చూసింది.

82 మ్యాచ్‌ల సంగతి అంతకంటే పెద్దది. 30 జట్లు, 1,230 మ్యాచ్‌లు, వాటి తరువాత సగానికి పైగా జట్లకు ప్లేఆఫ్స్ (విజేతను తేల్చే చివరి దశ). మంగళవారం నాటి ఓటమికి అర్థం ఉండదని ఆటగాడికి తెలుసు, కోచ్‌కి తెలుసు, చూసేవాడికీ తెలుసు. అందుకే స్టార్‌ని కూర్చోబెడతారు. 2012 నవంబర్లో స్పర్స్ తమ పెద్ద ఆటగాళ్లను మయామీ మ్యాచ్‌కి ముందే ఇంటికి పంపేసినందుకు లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, అయినా అలవాటు ఆగలేదు. 2023లో కొత్త నిబంధన వచ్చింది: 65 మ్యాచ్‌లు ఆడకపోతే పెద్ద అవార్డులకు అర్హత లేదు. ఇది కొంత పనిచేస్తోంది. కానీ సాయంత్రం టీవీ పెట్టేముందు గాయాల జాబితా చూసుకోవాల్సిన పరిస్థితి మారలేదు. అది మ్యాచ్‌కి ముందు గంటల్లో కూడా మారుతూ ఉంటుంది, పొద్దున చూసి నమ్మకండి.

హైలైట్స్ గురించి లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ 2025లో ఇది చాలావరకు హైలైట్స్ మీద నడిచే ఆట అన్న అర్థంలో మాట్లాడారు. నాకు అది నచ్చలేదు. డంక్ (బంతిని నేరుగా రింగ్‌లోకి కుక్కడం) ఒక్కటే చూసినవాడికి దానికి ముందు నాలుగు పాస్‌లు, ఒక స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డం నిలబడటం), ఒక డిఫెండర్ తప్పటడుగు కనిపించవు. ఇండియాలో ఉన్నవాళ్ల బాధ వేరు: చలికాలంలో న్యూయార్క్ రాత్రి ఏడున్నర మ్యాచ్ మనకు తెల్లవారి ఆరింటికి, లాస్ ఏంజెలెస్ రాత్రి ఏడింటి మ్యాచ్ ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. ఆఫీసుకి బయల్దేరే వేళకి హైలైట్సే గతి. అలాంటప్పుడు లీగ్ పాస్‌లో కుదించిన మ్యాచ్ చూడండి. అందులో ఆట వరుస తప్పదు.

ఎన్‌బీసీ తిరిగొచ్చాక 2025-26 తొలి వారాల్లో అంకెలు పెరిగాయి. ఉచిత చానల్ బలం ఎంతో అది చూపించింది. అయితే పోల్చేటప్పుడు జాగ్రత్త: టీవీ ప్రేక్షకులను లెక్కించే నీల్సన్ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఇంటి బయట చూసేవాళ్ల లెక్కను విస్తరించింది, ఆ సెప్టెంబర్ నుంచి సెట్‌టాప్ బాక్సులు, స్మార్ట్ టీవీల డేటాను కూడా కలిపి లెక్కిస్తోంది. పెరుగుదలలో కొంత భాగం కొత్త కొలబద్దది.

క్వార్టర్‌ని (మ్యాచ్‌లో నాలుగో వంతు) 12 నుంచి 10 నిమిషాలకు తగ్గించడం తనకు ఇష్టమేనని సిల్వర్ 2025 జనవరిలో అన్నారు. అది తప్పు మందు. మ్యాచ్‌లో నిమిషాలు ఎక్కువై ఎవరూ టీవీ కట్టేయలేదు. తగ్గించాల్సింది మ్యాచ్‌ల సంఖ్య. 2020-21లో కోవిడ్ వల్ల 72 మ్యాచ్‌లే పెట్టారు, లీగ్ నడిచింది. మామూలు తేదీల్లో, అదే ఆరు నెలల్లో 72 ఆడిస్తే ఒక్కో జట్టుకి సీజన్‌కి 15 దాకా వచ్చే వరస రోజుల మ్యాచ్‌లు చాలావరకు పోతాయి, స్టార్లని కూర్చోబెట్టడానికి సాకు పోతుంది. యజమానులు ఒప్పుకోకపోవడానికి కారణం టికెట్లు. 41 సొంత హాలు మ్యాచ్‌లు 36 అవుతాయి. టీవీ ఒప్పందం 7,600 కోట్ల డాలర్లు తెస్తున్నప్పుడు ఆ ఐదు రాత్రుల టికెట్ డబ్బును వదులుకోవచ్చని నా గట్టి నమ్మకం.