420 పడవలో నాకు నచ్చింది సెంటర్‌బోర్డే

సెకండ్ హ్యాండ్‌లో 420 అనే రేసు పడవ కొనేవాళ్లు ముందు తెరచాపలు విప్పి చూస్తారు. నేనైతే పడవను పక్కకి ఒరగబెట్టించి, కింద సెంటర్‌బోర్డు, అంటే అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక, సాఫీగా తిరుగుతోందా లేదా చూస్తాను. నేను ముందు కూర్చునే క్రూని. రేసులో దాన్ని ఎత్తడం, దించడం నా పని. అందుకే ఈ పక్షపాతం.

పొడవు 4.2 మీటర్లు, ఇద్దరు నడపాలి. డిజైన్ 1959 నాటిది, ఫ్రాన్స్‌లో పుట్టింది. లేజర్ అనే ఇంకో రకం పడవలోలాగా బోర్డును చేత్తో పైకి లాగక్కర్లేదు. బోల్టు మీద తిరిగి పడవ అడుగున ఉన్న గాడిలోకి ముడుచుకుంటుంది. లేజర్‌లో బోర్డు మరీ పైకి ఉంటే జైబ్ చేసేటప్పుడు (వెనకగాలిలో తెరచాపను ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చేటప్పుడు) బూమ్‌కి, అంటే తెరచాప కింది కర్రకి, తగులుతుందేమోనని టెన్షన్. ఇక్కడ ఆ గొడవ లేదు.

ఎదురుగాలికి వెళ్లేటప్పుడు బోర్డు పూర్తిగా దించాల్సిందే, లేదంటే పడవ పక్కకి జారిపోతుంది. స్టార్ట్ లైన్ దగ్గరా అంతే. కానీ హుస్సేన్ సాగర్‌లో వానాకాలం గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నేను ట్రపీజ్ (స్తంభం నుంచి నడుముకి తగిలించుకునే తీగ) మీద పూర్తిగా బయటికి వాలినా పడవ ఒరుగుతుంటే, వెనకున్నవాళ్లకి చుక్కానితో కుస్తీ తప్పదు. అప్పుడు బోర్డును ఒక బెత్తెడు ఎత్తితే చాలు. బోర్డు వెనక్కి వాలడంతో నీటి ఒత్తిడి కూడా వెనక్కి జరిగి, చుక్కాని తేలికవుతుంది. ఇంత చిన్న సర్దుబాటుకి ఇంత తేడా వస్తుందని చూసేదాకా నమ్మబుద్ధి కాదు.

పక్కగాలికి సగం ఎత్తుతాం. వెనకగాలికి దాదాపు మొత్తం ఎత్తినా కాస్త కింద ఉంచాలి, లేకపోతే పడవ అటూ ఇటూ ఊగుతుంది. అలాగని గట్టి గాలిలో పూర్తిగా దించి జైబ్ చేస్తే, ఎవరో కాలు అడ్డుపెట్టినట్టు పడవ బోల్తా కొడుతుంది.

అసలు పరీక్ష గాలివాలు వైపు మార్క్ దగ్గర, అంటే వెనకగాలికి వచ్చి చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు దగ్గర. స్పిన్నకర్ (వెనకగాలికి ముందు ఎగరేసే బుడగలాంటి తెరచాప) దించాక బోర్డు చూసుకుందాం అనుకుంటే ఆలస్యమే. నేను ముందే బోర్డు దించేసి, ఆ తర్వాతే స్పిన్నకర్ జోలికి వెళ్తాను. మలుపులో పక్కపడవలు జారుతుంటే మనం లోపలి నుంచి దూరిపోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. గాడి మూతి దగ్గర అతికించే పట్టీలు ఊడితే నీళ్లు పైకి చిమ్ముతాయి, వేగమూ తగ్గుతుంది. పాతబడిన క్లీట్ (తాడును బిగించి ఉంచే పట్టు) బోర్డు తాడును పట్టి ఉంచదు, బోర్డు దానంతటదే కదిలిపోతుంది. మన చెరువులో పాలిథీన్ కవర్లు బోర్డుకి చుట్టుకోవడం పడవ తప్పు కాదు లెండి. ఒకసారి ఎత్తి దించితే చాలావరకు వదిలిపోతాయి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. కొనే ముందు బోర్డు అంచులు చేత్తో తడిమి చూడండి, బోల్టు దగ్గర లొడలొడ ఆడుతోందేమో గమనించండి. పట్టీలు, క్లీట్ మార్చడం చిన్న ఖర్చే. బోల్టు రంధ్రం అరిగిపోయి ఉంటే మాత్రం ధర బాగా తగ్గించమని అడగండి.