నేలను దించుకుని మళ్లీ బల్ల ముందు నిలబడ్డాను: డెబ్బై ఏళ్ల వయసులో ఏడాదిన్నర వీఆర్ వాడకం

కళ్లకు కట్టుకుంటే మన చుట్టూ ఇంకో లోకం ఉన్నట్టు చూపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ల తెర స్పష్టత, బ్యాటరీ, ధర గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. ఏడాదిన్నరగా వారానికి నాలుగైదు రోజులు వాడుతున్న మనిషిగా నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒకే ఒక్క అమరిక గురించి. మన కాళ్ల కింద నేల ఎంత ఎత్తులో ఉందో హెడ్‌సెట్‌కు చెప్పి, అవసరమైతే ఆ నేలను పైకీ కిందికీ జరుపుకునే వీలు సెట్టింగులలో ఉంటుంది. చాలామంది కొన్న రోజున ఒకసారి సరిచేసి, ఆ తర్వాత దాన్ని మరచిపోతారు. ఆ అమరిక లేకపోతే నా హెడ్‌సెట్ రెండో వారంలోనే బీరువాలోకి చేరేది.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశాను. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది. పది నిమిషాలకు మించి నిలబడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగగానే రైల్వే ఉద్యోగుల క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి టేబుల్ టెన్నిస్ ఆడటం నా అలవాటు. గేముకు 21 పాయింట్లు, 38 మిల్లీమీటర్ల బంతి ఉన్న రోజుల్లో నేర్చుకున్న ఆట అది. 2000లో బంతిని 40 మిల్లీమీటర్లకు పెంచినా, 2001లో గేమును 11 పాయింట్లకు తగ్గించినా సర్దుకుని ఆడాను కానీ, మోకాళ్లతో మాత్రం సర్దుకోలేకపోయాను. హెడ్‌సెట్ రావడానికి పదేళ్ల ముందే బ్యాటును అటక మీద పెట్టేశాను.

అమెరికా నుంచి మా అబ్బాయి ఈ హెడ్‌సెట్ తెచ్చి, అందులో టేబుల్ టెన్నిస్ ఆట వేసి పెట్టి వెళ్లాడు. మొదటి వారం నిలబడి ఆడాను. బంతి బ్యాటుకు తగిలినప్పుడు చేతిలో బ్యాటులా పట్టుకునే కంట్రోలర్ చిన్నగా అదురుతుంది, దానికి సరిగ్గా అదే క్షణంలో చప్పుడు కలుస్తుంది. పాత ఆటగాళ్లకు ఆ రెండూ కలిస్తే చాలు, మిగతాది చెయ్యి గుర్తు చేసుకుంటుంది. కానీ ఎనిమిదో నిమిషానికల్లా కాళ్లు వణికేవి. కుర్చీలో కూర్చుని ప్రయత్నిస్తే బల్ల గుండెల దాకా వచ్చింది. బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు, దాని మీద నెట్ 15.25 సెంటీమీటర్లు. కూర్చున్న నా కన్ను నెట్ పై అంచు కంటే ఒక జానెడు మాత్రమే ఎత్తులో ఉండటంతో, అవతలి సగం బల్ల సన్నని పట్టీలా కనిపించేది. చక్రాల కుర్చీలో కూర్చుని అదే ఎత్తు బల్ల మీద ఆడి భవీనా పటేల్ 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో రజతం తెచ్చారు. ఏళ్ల తరబడి చేసిన సాధన ఆమెది. జీవితమంతా నిలబడి ఆడిన నా చేతికి ఆ కోణం కొత్తగా నేర్పే ఓపిక నాకు లేదు.

రెండో వారంలో ఒక రోజు గదిలో మంచం జరపడం వల్ల హెడ్‌సెట్ ఆడే చోటుకు మళ్లీ హద్దు గీయమని, నేల ఎత్తు సరేనా అని అడిగింది. అప్పటికే నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. కంట్రోలర్ మీద బొటనవేలి కింద ఉండే పుల్లను పొరపాటున కిందికి లాగితే, గడుల గీతలున్న నేల నా పాదాల కిందికి దిగిపోయింది. అలా ఇంకొంచెం దించి, సుమారు 40 సెంటీమీటర్ల దగ్గర ఆపి ఆట తెరిచాను. బల్ల నేను నిలబడి ఆడేటప్పుడు కనిపించే ఎత్తుకు దిగి ఆగింది. అవతలి అంచున ఉండే తెల్లగీత కూడా పూర్తిగా కనిపించింది. మోకాళ్ల మీద ఏమాత్రం బరువు లేకుండా నేను ఆ ఎత్తు నుంచి ఆ బల్లను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు ఆట మొదలుపెట్టకుండా కొంతసేపు ఊరికే బల్లను చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత నలభై నిమిషాలు బ్యాక్‌హ్యాండ్ పుష్ (చేతి వెనుక వైపుతో బంతిని మెల్లగా నెట్టే దెబ్బ) ఒక్కటే ఆడాను.

శుక్లాల ఆపరేషన్ అయినవారికి ఒక మాట చెప్పాలి. తెర కంటికి రెండంగుళాల దూరంలోనే ఉన్నా, దాని ముందున్న లెన్సులు బొమ్మను ఒకటిన్నర, రెండు మీటర్ల అవతల ఉన్నట్టు చూపిస్తాయి. కాబట్టి పత్రిక చదవడానికి పెట్టుకునే కళ్లద్దాలు ఇందులో అవసరం లేదు. దూరపు చూపుకు అద్దాలుంటే అవే పెట్టుకోవాలి. రెండు కనుపాపల మధ్య దూరాన్ని అద్దాల షాపులో కొలిపించుకుని, లెన్సుల మధ్య దూరాన్ని దానికి తగ్గట్టు జరుపుకుంటే కంటి బరువు చాలా వరకు తగ్గుతుంది. నేను ఈ పని మూడు నెలలు ఆలస్యంగా చేసి, అంతకాలం అనవసరంగా తలనొప్పి పడ్డాను.

తల తిరగడం గురించి అందరూ అడుగుతారు. కన్ను కదులుతున్నామని చెప్తూ, చెవిలోని సమతూకం చూసే భాగం కదలడం లేదని చెప్పినప్పుడు వచ్చే ఇబ్బంది అది. టేబుల్ టెన్నిస్‌లో ఆ గది కదలదు, కదిలేది మన తల, చెయ్యి మాత్రమే. అందుకే నాకు ఎప్పుడూ వికారం రాలేదు. పడవ ప్రయాణం ఒకటి పెట్టి చూస్తే మాత్రం నాలుగు నిమిషాలకే చెమటలు పట్టి తీసేశాను, మళ్లీ ఆ జోలికి పోలేదు.

మొదటి మూడు నెలలూ కనిపించిన ప్రతి మిత్రుడికీ, శరీరం దీన్ని పూర్తిగా నమ్ముతుంది, అదే ఇందులోని గొప్పతనం అని చెప్పాను. నాలుగో నెలలో జరిగిన దాని తర్వాత ఆ మాటను అంత తేలికగా అనలేకపోతున్నాను.

అమెరికాలో ఉన్న మా అబ్బాయీ నేనూ ఇదే ఆటను ఇంటర్నెట్ ద్వారా ఎదురెదురుగా ఆడతాం; ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను ఆడితే వాడికి అది శనివారం సాయంత్రం. ఆ రోజు మూడో గేము పది పది మీద నడుస్తోంది. చాలాసేపు కూర్చోవడంతో మోకాలు బిగుసుకుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారందరూ ఎలా లేస్తారో నేనూ అలాగే లేచాను, అంటే ముందు చెయ్యి దేని మీదైనా ఆనించి, దాని మీద బరువు మోపి. నా ఎదురుగా చేతికి అందే ఎత్తులో, ఆకుపచ్చగా, నిండుగా బల్ల ఉంది. ఎడమ చెయ్యి దాని మీద వేశాను. చెయ్యి గాలిలోకి దిగిపోయింది. నేను కూర్చున్నది కంప్యూటర్ ముందు వేసుకునే చక్రాల కుర్చీ కావడంతో అది వెనక్కి జారింది, నేను ముందుకు పడ్డాను. అవతలి ఆటగాడికి మన తల, బ్యాటు మాత్రమే కనిపిస్తాయి. నా తల బల్ల కిందికి వెళ్లడం చూసి మా అబ్బాయి నేనేదో ఏరుకోవడానికి వంగాననుకుని, "నాన్నా, సర్వీస్ నీదే" అన్నాడు. రెండోసారి అన్నప్పుడు కూడా నేను పలకలేకపోయాను. మూడోసారి వాడి గొంతు మారింది.

మా ఆవిడ వచ్చి హెడ్‌సెట్ తీసే దాకా నాకు ఏది పైనో ఏది కిందో తెలియలేదు. మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో విరగలేదని తేలింది కానీ మూడు వారాలు క్రేప్ బ్యాండేజీ తప్పలేదు, కుడి మోకాలి నొప్పి ఇంకొన్ని రోజులు ఎక్కువే పట్టింది. ఆ దెబ్బ తుంటికి తగిలి ఉంటే ఈ సమీక్ష రాసే స్థితిలో ఉండేవాణ్ణి కాదు. ఇది వస్తువులోని లోపమని నేను అనను, కానీ ఏ హెచ్చరిక కాగితంలోనూ నేను దీన్ని గమనించలేదు. గోడలు, ఫర్నిచర్ తగులుతాయని అందరూ జాగ్రత్త చెప్పారు. లేని బల్ల మీద చెయ్యి వేయవద్దని, అది కూడా చెయ్యి ఆనించకుండా లేవలేని మనిషికి, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని మార్పులు చేసుకున్నాను. చక్రాల కుర్చీ తీసేసి, చేతులున్న పాత టేకు కుర్చీని గోడకు ఆనించి వేశాను. హెడ్‌సెట్ తలమీద ఉండగా లేవను. తీసి, పక్కన పెట్టి, గదిని కళ్లారా చూసి, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తాను. సర్వీస్ వేసేటప్పుడు తప్ప ఎడమ చెయ్యి కుర్చీ చేతిని వదలదు. ఇంట్లో ఇంకొకరు లేకుండా ఆడను. వీటన్నిటికంటే నాకు కష్టమైన మార్పు వేరే ఉంది. నేలను ఇప్పుడు 40 సెంటీమీటర్లు దించడం లేదు, 20 దగ్గర ఆపేస్తున్నాను. అలా ఆపితే బల్ల కాస్త ఎత్తుగా ఉండి, నేను కూర్చునే ఉన్నానని శరీరానికి గుర్తు చేస్తుంది. బ్యాక్‌హ్యాండ్ మునుపటంత సుళువుగా రావడం లేదు. ఆ మొదటి రోజు ఎత్తు ఇప్పటికీ మనసులో మెదులుతుంది, అయినా దానికి తిరిగి వెళ్లలేదు.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. అరకిలో బరువు ముందువైపే ఉండటం వల్ల మెడ లాగుతుంది. వెనుక బ్యాటరీ ఉన్న గట్టి పట్టీ వేయించాక సమతూకం కుదిరింది. బెజవాడ ఎండల్లో ఏసీ లేని గదిలో పావుగంటకే లెన్సులు చెమ్మబారుతాయి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉదయం ఏడు లోపే ఆట ముగించాలి. లెన్సుల మీద నేరుగా ఎండ పడితే లోపలి తెర కాలిపోతుంది కాబట్టి కిటికీ పక్కన పెట్టకూడదు. సాయంత్రం కరెంటు పోతే వెలుతురు చాలక హెడ్‌సెట్ కెమెరాలకు గది సరిగ్గా కనిపించదు. అరగంటకు ఒకసారి పది పదిహేను నిమిషాలు ఆపమన్న సూచనను మొదట్లో పట్టించుకోలేదు, ఇప్పుడు టైమర్ పెట్టుకుని పాటిస్తున్నాను. పేస్‌మేకర్ ఉన్న ఒక మిత్రుడు ఆడి చూస్తానంటే నేను ఇవ్వలేదు. ఈ పరికరాలలో అయస్కాంతాలు, రేడియో తరంగాలు వెలువరించే భాగాలు ఉండవచ్చు కనుక ముందు ఆయన గుండె డాక్టరును అడిగి రమ్మన్నాను.

కొనవచ్చా అంటే నా పరిస్థితిని బట్టే చెప్పగలను. నాకు ఒకప్పుడు వచ్చిన ఆట ఉంది, అవతలి వైపు నిలబడే కొడుకు ఉన్నాడు, ఏసీ గది ఉంది, పిలిస్తే పలికే భార్య ఇంట్లో ఉంది. వీటిలో రెండు లేకపోయినా నేను ఇదే మాట చెప్పేవాణ్ణో లేదో తెలియదు. గుంటూరులో ఉండే మా తమ్ముడు తనకూ ఒకటి తెప్పించమని నెల రోజులుగా అడుగుతున్నాడు. వాడు ఒంటరిగా ఉంటాడు, పోయినేడు రెండుసార్లు తల తిరిగి మంచం పట్టాడు. వచ్చే ఆదివారం మా ఇంటికి వచ్చి, ఆ టేకు కుర్చీలో, నేలను దించకుండా, పది నిమిషాలు ఆడి చూడమన్నాను. డబ్బు మాత్రం ఇంకా పంపవద్దని చెప్పాను.