బే ఏరియా, లాస్ ఏంజెలెస్, డాలస్: ఫెన్స్‌ల మధ్య మా మకాం

మన దగ్గర స్థలం కొనగానే ముందు ప్రహరీ లేపి గేటు పెడతాం. అమెరికాలో స్థలం మనదే అయినా, ఫెన్స్ ఎక్కడ ఎంత ఎత్తుండాలో ఊరు చెబుతుంది. పిల్లల దగ్గర ఉన్నన్నాళ్లూ నాకు ఇదే కాలక్షేపం అయిపోయింది. మా ఆవిడ విసుక్కుంది కూడా.

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతాన్ని బే ఏరియా అంటారు. అందులోని ఫ్రీమాంట్‌లో అమ్మాయి ఇల్లు మాకు అన్నిటికన్నా నచ్చింది. పెరట్లో రెడ్‌వుడ్ చెక్కల ఫెన్స్, దాని నీడలో కరివేపాకు కుండీ. చెక్కలు పుచ్చిపోయి పక్కింటివైపు ఒరిగాయి. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం హద్దు ఫెన్స్ ఖర్చు మామూలుగా ఇద్దరూ చెరిసగం పెట్టుకోవాలి. పని మొదలుపెట్టే 30 రోజుల ముందు పక్కింటివాళ్లకు ఉత్తరం ఇవ్వాలి. అందులో పాడైనదేమిటి, ఏం చేద్దాం, ఎంతవుతుంది, ఎవరి వాటా ఎంత, ఎప్పటికి పూర్తవుతుంది అన్నీ ఉండాలి. అమ్మాయి రాసిన కాగితం చదివాను. మన ఊళ్లో ఇలాంటి కాగితం ఒక్కటుంటే ఎన్ని హద్దు తగాదాలు తప్పేవో!

అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళితే నాబ్ హిల్ అనే గుట్ట మీద గ్రేస్ కెథడ్రల్ అనే చర్చి చూడండి. 1870లలో ఆ స్థలంలో రైల్వే కోటీశ్వరుడు చార్లెస్ క్రాకర్ భవనం కట్టుకున్నాడు. పక్కనున్న నికొలస్ యుంగ్ ఇల్లు అమ్మనన్నాడని, ఆ ఇంటికి మూడు వైపులా దాదాపు 40 అడుగుల ఫెన్స్ వేయించాడు. పంతమంటే అదీ! ఇప్పుడైతే పొరుగువాణ్ణి ఏడిపించడానికే 10 అడుగులు దాటించి కడితే అక్కడి చట్టం ఒప్పుకోదు.

లాస్ ఏంజెలెస్‌లో అద్దెకు తీసుకున్న ఇల్లు ఫొటోల్లో బాగుంది, ఉండటానికి అంత కాదు. ఇళ్ల ముందు ఫెన్స్ మామూలుగా మూడున్నర అడుగులు దాటకూడదు. కారు వెనక్కి తీసేవాడికి నడిచేవాళ్లు కనపడాలి కాబట్టి అది సబబే. కానీ వరండాలో కూర్చుంటే వీధిలో కూర్చున్నట్టే ఉంది. అసలు టెన్షన్ ఈతకొలనుతో. రాష్ట్ర నిబంధనల్లో చెప్పిన కొలను కంచె 60 అంగుళాలకు తగ్గకూడదు, గేటు దానంతటదే మూసుకోవాలి, గొళ్లెం కూడా 60 అంగుళాల పైనే ఉండాలి. మా గేటు స్ప్రింగ్ సడలిపోయి జానెడు సందు వదిలేసేది. ఇంటాయనకు చెబితే ‘చూస్తాం’ అన్నాడు, చూడలేదు. మనవణ్ణి కాపలా కాయడంతోనే సరిపోయింది. చిన్నపిల్లలుంటే బుక్ చేసేముందు గేటు వీడియో అడగండి.

డాలస్‌లో తమ్ముడి కొడుకు ఇంట్లో పెరటి ఫెన్స్ నిలువెత్తు దాటి ఉంది. ఆ ఊళ్లో ఇంటి ముందు 4 అడుగులే గాని, మిగతా చోట్ల 9 దాకా వేసుకోవచ్చు. లుంగీ కట్టుకుని పెరట్లో కాఫీ తాగాలంటే డాలసే. గాలి మాత్రం ఆడదు, వేసవిలో పొద్దున తొమ్మిదికే లోపలికి పరుగు. సాయంత్రం కాసేపు ఎవరితోనైనా మాట్లాడదామన్నా మనిషి కనపడడు. ఊరి నిబంధన ఒప్పుకుంటే చాలదు, కాలనీ సంఘం కూడా ఒప్పుకోవాలి. ఫెన్స్‌కు వాళ్లు చెప్పిన గోధుమరంగుల్లోంచే ఒకటి ఎంచుకోవాలట. మేం బయల్దేరే నాటికి ఆ రంగుకు సంఘం అనుమతి ఇంకా రాలేదు.