ముద్ద సాంబ్రాణి, కప్పు సాంబ్రాణి: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

పూజాసామగ్రి కొట్లో "సాంబ్రాణి ఇవ్వండి" అంటే ఈమధ్య చాలా చోట్ల చేతిలో పెట్టేది కప్పుల డబ్బా. ముద్ద సాంబ్రాణే కావాలని నొక్కి అడగాలి. అడిగినా తూచి పొట్లం కట్టేది అచ్చమైన సాంబ్రాణి అని నమ్మకం లేదు. అందులో గుగ్గిలం కలవొచ్చు, ఇంకా చవకైన రోజిన్ (పైన్ చెట్టు జిగురు నుంచి తీసేది) కలవొచ్చు.

అసలు సాంబ్రాణి మన అడవుల సరుకు కాదు. ఎక్కువగా ఇండోనేసియాలోని సుమత్రా నుంచి వస్తుంది. స్టైరాక్స్ చెట్టు బెరడుకు గాటు పెడితే కారి గట్టిపడే జిగురు అది. కొనేముందు ఒక గడ్డ విరిచి చూపించమనండి. ఎర్రటి గోధుమరంగు ముద్దలో బాదం ముక్కలు పొదిగినట్టు తెల్లటి పలుకులు కనిపించాలి. పలుకులు ఎంత ఎక్కువుంటే అంత మేలు రకం. గడ్డంతా ఒకే రంగులో, గాజుముక్కలా మెరుస్తూ ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. పొడి చేసి అమ్మేదాన్నైతే అసలు ముట్టుకోవద్దు. పొడిలో ఏం కలిపారో కంటితో తేల్చలేం.

ఇంటికి తెచ్చాక చిన్న పరీక్ష చేయొచ్చు. శనగగింజంత ముక్కను నలిపి, పొయ్యికి దూరంగా, కాస్త సర్జికల్ స్పిరిట్‌లో వేసి కలపండి. మంచి సాంబ్రాణి దాదాపు అంతా కరిగిపోతుంది, అడుగున మిగిలేది బెరడు నలుసులు, మట్టి. అదే ఎక్కువగా ఉంటే కొట్టువాడు బెరడును సాంబ్రాణి ధరకు తూచినట్టే. అయితే రోజిన్ ఈ పరీక్షకు దొరకదు, అదీ స్పిరిట్‌లో కరుగుతుంది. దాన్ని పట్టించేది నిప్పే. రోజిన్ కలిస్తే పొగ నల్లగా, మసిగా లేస్తుంది, టర్పెంటైన్ వాసన కొడుతుంది.

పరంగి సాంబ్రాణి పూర్తిగా వేరే సరుకు. మన అడవుల్లోని అందుగు చెట్టు జిగురూ, ఒమన్, సోమాలియాల నుంచి వచ్చే దాని దాయాదులూ ఈ కోవలోవే. లేత పసుపు చుక్కల్లా విడివిడిగా ఉంటుంది, వాసనలో తీపి బదులు నిమ్మతొక్క ఛాయ ఉంటుంది. అందులో బంక కూడా ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లి నూరితే పాలలా తెల్లబడుతుంది. సాంబ్రాణి అలా కాదు.

గుగ్గిలం పేరుతోనూ రెండు నడుస్తాయి. సాల చెట్టు నుంచి వచ్చేది చవక. పొగ బాగా ఇస్తుంది, పరిమళం తక్కువ. మహిసాక్షి గుగ్గిలం రాజస్థాన్, గుజరాత్ ఎండు నేలల్లో పెరిగే ముళ్లపొద జిగురు. నల్లగా, జిగటగా, కాస్త చేదు వాసనతో ఉంటుంది. వినాయకచవితి పూజలో "దశాంగం గుగ్గులోపేతం" అని చదువుతూ మనం వెలిగించేది అగరువత్తే అనుకోండి, అది వేరే సంగతి. ఆ పొద అంతరించే ప్రమాదంలో ఉంది కాబట్టి చవగ్గా దొరికే మహిసాక్షిని అనుమానించాల్సిందే.

ధూపం వేయడంలో జరిగే పొరపాట్లే సరుకుకు చెడ్డపేరు తెస్తాయి. ధూపం గిన్నె అడుగున వేలెడు మందం ఇసుకో బూడిదో పోయండి, లేకపోతే గిన్నె కాలి కింద బల్ల మచ్చపడుతుంది. బొగ్గుల్లో కొబ్బరిచిప్ప బొగ్గు మేలు. అంటుకోవడం ఆలస్యమే కానీ చాలాసేపు ఉంటుంది. ఇట్టే రాజుకునే గుండ్రటి బొగ్గుబిళ్లల్లో సూరేకారం కలుపుతారు. మొదట చిటపటలాడి ఘాటు వాసన వచ్చేది అందుకే. బిళ్ల మీదంతా తెల్లటి బూడిద పట్టేదాకా ఆగి, అప్పుడు చిటికెడు సాంబ్రాణి వేయండి. చెంచాడు ఒకేసారి కుమ్మరిస్తే అది కరిగి నిప్పును ఆర్పేస్తుంది, మాడిన కంపు మిగులుతుంది. పరంగి సాంబ్రాణికైతే నిప్పు మీద పలచగా బూడిద చల్లి దానిపైన వేయండి. సెగ తగ్గితే పరిమళం నిలుస్తుంది.

సాంబ్రాణిని కల్వంలో రవ్వలా దంచాలి. మెత్తటి పొడి భగ్గుమంటుంది. మిక్సీలో వేస్తే ఆ వేడికి మెత్తబడి బ్లేడుకు అతుక్కుంటుంది. తప్పదనుకుంటే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఆపి ఆపి తిప్పండి.

ఇక కప్పులు. బొగ్గుపొడి, రంపపుపొట్టు, కొన్నిట్లో పేడపొడి కలిపి అచ్చుపోసి, మధ్య గుంటలో కాస్త సాంబ్రాణి రవ్వ పెడతారు. తక్కువ రకాల్లో ఆ రవ్వకు బదులు సెంటు మాత్రమే ఉంటుంది. డబ్బా మూత తీయగానే గుప్పున వాసన కొట్టి, వెలిగించాక ఉత్త కట్టెపొగ వస్తే ఆ రకమే. అంచును మంటకు పట్టి అంతా ఎర్రబడ్డాకే కింద పెట్టాలి. సగంలో ఆరిపోతే తేమ పట్టిందని అర్థం, ఎండలో పెడితే బాగుపడుతుంది. కప్పు కింద మట్టి ప్రమిద ఉంచండి, ప్లాస్టిక్ పళ్లెం వద్దు. నిప్పులు చేసే ఓపిక లేని రోజుకు పనికొస్తుంది, అంతకుమించి దానికి మార్కులు వేయలేం.

పసిపిల్లలకు తలంటు పోశాక బుట్ట కింద సాంబ్రాణి పొగ పట్టే అలవాటుకు మాత్రం ఏ సరుకూ మంచిది కాదు. పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు పడదు, పిల్లల డాక్టర్లు వద్దనే చెబుతారు. పెద్దవాళ్ల జుట్టుకైనా తలుపులు తీసే ఉంచాలి. మూసిన గదిలో బొగ్గు కాలితే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు.

మొదటిసారికి వంద గ్రాముల ముద్ద సాంబ్రాణి చాలు. గాలి చొరని డబ్బాలో, చల్లని చోట పెట్టండి. ఎండాకాలంలో ప్లాస్టిక్ కవరులో వదిలేస్తే గడ్డలన్నీ కవరుతో సహా ఒకే ముద్దైపోతాయి.