క్రాంక్ ముక్కుకి మెటల్ స్ప్రే: 5 ఏళ్లు, 70,000 కిలోమీటర్లు నడిపాక

చేపల చెరువులకి మేత బస్తాలు తోలే మా పాత డీజిల్ జీపుకి క్రాంక్‌షాఫ్ట్ ముక్కు అరిగిపోయింది. ముక్కంటే షాఫ్టు ముందు కొస, అదురు తగ్గించే డ్యాంపర్ పుల్లీ కూర్చునే చోటు. దాన్ని మెటల్ స్ప్రే చేయించి, అంటే అరిగినచోట కరిగిన లోహం జల్లించి, మళ్లీ సైజుకి గ్రైండింగ్ చేయించి వాడుతున్నాను. పని చేయించిన వారానికే 'సూపర్' అని రాసే రివ్యూలు నమ్మి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి, కొన్నాళ్లు నడిపి చూసి రాద్దామనుకున్నాను. ఆ కొన్నాళ్లు ఐదేళ్లయ్యాయి.

అరుగుడు ఎలా మొదలైందంటే, ముందు ఆయిల్ సీలు మార్చిన మెకానిక్ పాత బోల్టునే వేసి చేతి అంచనాతో బిగించేశాడు. టార్క్ రెంచ్ ఊసే లేదు. ఆరు నెలలు తిరగకుండానే ఐడిలింగ్‌లో టక టక మొదలైంది. బేరింగు పోయిందేమోనని ఒకటే టెన్షన్. బానెట్ ఎత్తి చూస్తే పుల్లీ తప్పతాగినవాడిలా ఊగుతోంది.

పుల్లీని తిప్పేది కీ, అంటే షాఫ్టు గాడిలో కూర్చునే చిన్న ఇనప ముక్క, అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కీ ఉండేది పుల్లీని దాని చోట, గుర్తు తప్పకుండా నిలపడానికి. అసలు బరువు మోసేది బోల్టు బిగువు, ముక్కు మీద హబ్ (పుల్లీ నడిమి భాగం) పట్టు. ఆ పట్టు వదిలితే పోటంతా పాపం ఆ చిన్న కీ మీదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో షాఫ్టు ఒక్క చుట్టు తిరిగితే రెండు పేలుళ్లు. 3,000 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే సెకనుకి వంద దెబ్బలు. కీ గాడి ఒక పక్క పళ్లెంలా సాగిందంటే సాగదూ!

మొదట ఊళ్లోనే చవకలో కానిచ్చేద్దామనుకున్నాను. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ముక్కుకి చుట్టి, సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి, పుల్లీని సుత్తితో ఎక్కించారు. సరిగ్గా 25 రోజులు నడిచింది. తీసేటప్పుడు తిన్నగా దిగలేదు కూడా, ముక్కుని ఇంకాస్త గీరుకుని మరీ వచ్చింది. ఎవరైనా ఈ పద్ధతి చెబితే ఒక దణ్ణం పెట్టి బండి తెచ్చేసుకోండి.

అప్పుడు విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. అక్కడ లేత్ మేస్త్రి ముందు మాటల్లేకుండా మైక్రోమీటర్ తీశాడు. 40 మిల్లీమీటర్లు ఉండాల్సిన ముక్కు ఒక వైపు 39.88, అడ్డంగా తిప్పి కొలిస్తే 39.81.

"అరగడం ఒక్కటే కాదండీ, గుండ్రం కూడా పోయింది. జిగురుతో అయ్యే పని కాదు" అన్నాడు.

జిగురంటే లాక్‌టైట్ 660. మా బావమరిది ట్రాలీకి అదే వేశారు, మూడేళ్లుగా బాగానే ఉంది. అయితే వాళ్ల షాఫ్టు చుట్టూ సమంగా అరిగింది. ఆ పేస్టు అర మిల్లీమీటరు వరకు ఖాళీని నింపుతుంది గానీ వంకర తియ్యదు. నా షాఫ్టుకి వేస్తే పుల్లీ పక్కకి జరిగే గట్టిపడుతుంది, ఊగుడు ఎక్కడికీ పోదు. మరి రాడ్ వెల్డింగ్ పెట్టి లేత్ మీద తిప్పేస్తే? వేడికి షాఫ్టు వంగుతుందనీ, మూలల్లో పగుళ్లు పడతాయనీ మేస్త్రి ఒప్పుకోలేదు.

మెటల్ స్ప్రేకి షాఫ్టు బయటికి రావాల్సిందే. అంటే ఇంజిన్ దించాలి, షెల్ బేరింగులు, గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. ఖర్చంతా అక్కడే. స్ప్రే, గ్రైండింగ్ కలిపి 4,500 అయితే మొత్తం బిల్లు 31,000 దాటింది. ముక్కుని ముందు కాస్త లోతుగా తిప్పి, గరుకు చేసి, కీ గాడిలో ముక్క పెట్టి మూసి, కరిగిన లోహాన్ని జల్లారు. నిప్పురవ్వల వాన కురిసినట్టుంది. ఆపిన కాసేపటికి పక్కన చెయ్యి పెట్టి చూస్తే షాఫ్టు గోరువెచ్చగా ఉంది, అంతే. సాగిన గాడిని వెడల్పు చేసి, కింద లావు, పైన సన్నం ఉండే మెట్టు కీ చేసి కూర్చోబెట్టారు.

నాకు బాగా నచ్చింది, కొత్త పుల్లీ తెచ్చి దాని బోరు (మధ్య రంధ్రం) కొలిచేదాకా మేస్త్రి ముక్కు సైజు తేల్చకపోవడం. బోరు సరిగ్గా 40 ఉంటే ముక్కుని 40.02కి ఆపాడు. ఆ రెండు పాయింట్ల బిగువే పట్టు. పాత పుల్లీనే వాడేవాళ్లు హబ్ మీద సీలు కోసిన గాడి కూడా చూసుకోవాలి. దానికి పల్చటి స్టీలు స్లీవులు దొరుకుతాయి.

బిగించడం చూడాల్సిన తమాషా. సుత్తి లేదు, గ్యాస్ మంట లేదు. మంట పెడితే డ్యాంపర్ లోపలి రబ్బరు పోతుంది. టీ కొట్టు నుంచి పెద్ద డేగిసా తెప్పించి, మరిగే నీళ్లలో పుల్లీని పావుగంట ముంచారు. 70 డిగ్రీల వేడెక్కితే ఆ సైజు బోరు 0.03 దాకా విచ్చుకుంటుంది. పైకి తీసి గుడ్డతో తుడిచి పెడితే చేతికి గాజు తొడిగినట్టు జారి కూర్చుంది. చల్లారాక కొత్త బోల్టు, టార్క్ రెంచ్.

రెండేళ్లకి సీలు కారితే పుల్లీ పుల్లర్‌తో లాగి చూశాను. స్ప్రే పూత నున్నగా మెరుస్తోంది గానీ కీ గాడి అంచున ఆవగింజంత పెచ్చు ఊడింది. ఈ పూత చుట్టూ ఒత్తిడికి బాగా నిలుస్తుంది, అంచు మీద పోటుకి అంతగా నిలవదు. అందుకే బోల్టు వదులైతే దీనికీ టిన్ను ముక్క గతే పడుతుంది. మళ్లీ కొత్త బోల్టు వేసి, అది కదిలితే తెలిసేలా తల మీద నుంచి పుల్లీ మీదకి తెల్ల పెయింటు గీత ఒకటి గీశాను.

కొత్త షాఫ్టు మంచి ధరకి దొరికే బండైతే ఇంత తిప్పలు వద్దంటాను, ఎలాగూ ఇంజిన్ దించాలి. నా బండికి దొరకలేదు. మొన్న ఆయిల్ మార్చినప్పుడు టార్చి వేసి చూస్తే గీత చెదరలేదు. సీలు దగ్గర మాత్రం మళ్లీ కాస్త చెమ్మ కనిపిస్తోంది.